బలం వేరు, బిగువు వేరు – సంఘ భవనాల కాంక్రీటులో సిమెంటు, కంకరల ఎంపిక

పాల సంఘాలు సొంత భవనాలు కట్టుకొనడం సంతోషించదగిన విషయం. కుసుమంచి చుట్టుపట్ల గ్రామాలలోను, అక్కడి నుంచి భద్రాచలం అడవి అంచు వరకును మేము తనిఖీకి వెళ్లినప్పుడు తీర్మానాల పుస్తకంలో కట్టడపు ఖర్చులు చూస్తుంటాము. ఏ కంపెనీ సిమెంటు, ఎన్ని బస్తాలు, బస్తా ధర ఎంత అనే వివరం వాటిలో తప్పక ఉంటుంది. కంకర ఏ రాయిది, ఏ క్వారీ నుంచి వచ్చింది అనే మాట అరుదుగా కనిపిస్తుంది. "కంకర – ఇన్ని ట్రాక్టర్లు" అని ఒక్క పంక్తితో సరిపెడతారు. ఈ అలవాటు వలన సంఘాలకు కలిగే నష్టమేమిటో, దానిని ఎట్లా తప్పించుకొనవచ్చునో ఈ వ్యాసంలో వివరిస్తాము.

ఈ నష్టం స్లాబు కూలిపోవడం కాదు. స్లాబు వంగడం. కట్టిన నాలుగైదేండ్లకు గది నడుమ స్లాబు కిందికి దిగుతుంది. పైన వాననీరు అక్కడే నిలుస్తుంది. నిలిచిన నీరు లోపలికి దిగి ఇనుము తుప్పు పడుతుంది. సజ్జా కొన వాలుతుంది. స్లాబు కిందనున్న అడ్డగోడలు బీటలు వారుతాయి. మేస్త్రీని అడిగితే సిమెంటు బాగా లేదంటాడు, సిమెంటు అమ్మినవాడు మేస్త్రీ పని బాగా లేదంటాడు. కంకర సంగతి ఎవరూ ఎత్తరు.

పాల శీతలీకరణ ట్యాంకు ఉన్న సంఘాలకు ఇందులో మరొక చిక్కు ఉన్నది. ట్యాంకులోని పాలను కొలబద్దతో కొలిచేచోట, ట్యాంకు సమమట్టంగా నిలిచి ఉంటేనే ఆ కొలత సరియైనది. కింద నీటి సంపు గాని, గోదాము గాని ఉండి, పైన స్లాబు మీద ట్యాంకును నిలిపినప్పుడు ఆ స్లాబు ఒకవైపు ఎక్కువగా వంగితే ట్యాంకు కూడ వాలుతుంది. ట్యాంకు లోపలి అడుగు వైశాల్యం 2.5 చదరపు మీటర్లు అనుకొందాము. కొలబద్ద దగ్గర 1 మి.మీ. తేడా వస్తే 2.5 లీటర్ల తేడా. 5 మి.మీ. వస్తే పన్నెండున్నర లీటర్లు. ఈ తేడా పూటపూటకు వస్తుంది. సంఘం లెక్కకు, ట్యాంకరు లెక్కకు పొంతన కుదరదు. సభ్యులకు కార్యదర్శి మీద అనుమానం పుడుతుంది. (నేల మీదనే పోసిన గచ్చు కుంగితే అది కింద మట్టిని సరిగా దిమ్మిస కొట్టని లోపం. ఆ సంగతి వేరు.)

బలమంటే ఏమి, బిగువంటే ఏమి?

ఎంత బరువుకు విరుగుతుంది అనేది బలం. బరువు పెట్టినప్పుడు ఎంత తక్కువ వంగుతుంది అనేది బిగువు. దీనినే ఇంజనీర్లు స్థితిస్థాపక గుణకం అని అంకెలలో చెబుతారు. ఈ రెండూ ఒకటి కావు.

కావడి బద్దను చూడండి. రెండు వైపుల నిండు బిందెలు వ్రేలాడదీస్తే విల్లులా వంగుతుంది గాని విరగదు. వెదురుకు బలం ఉన్నది, బిగువు తక్కువ. ఇక కుసుమంచిలోని కాకతీయుల కాలపు గణపేశ్వరాలయం వంటి రాతి కట్టడాలను చూడండి. రాతి దూలం కంటికి కనిపించేటంత వంగదు. కాని హద్దు దాటిన బరువు పడితే చెప్పకుండా విరుగుతుంది. అందుకే ఆనాటి శిల్పులు మండపాలలో స్తంభాలను దగ్గర దగ్గరగా నిలిపినారు. రాతికి బిగువు హెచ్చు, వంపును తట్టుకొనే బలం తక్కువ. మన స్లాబులో ఆ బలాన్ని ఇనుప కడ్డీలు ఇస్తాయి. బిగువు మాత్రం చాలవరకు కాంక్రీటు నుంచి రావలసిందే.

బిగువు కంకరలోనే ఉన్నది

నువ్వుల ఉండలో బెల్లం పాకం నువ్వులను పట్టి ఉంచినట్లు, కాంక్రీటులో సిమెంటు, నీరు కలిసిన పాకం ఇసుకను, కంకరను పట్టి ఉంచుతుంది. గట్టిపడిన కాంక్రీటు పరిమాణంలో ఇంచుమించు మూడింట రెండు వంతుల నుంచి నాలుగింట మూడు వంతుల వరకు ఇసుక, కంకరలే. పాకం మిగిలిన భాగం మాత్రమే. మంచి గ్రానైటు రాయి గట్టిపడిన సిమెంటు పాకం కంటె సాధారణంగా రెండు మూడు రెట్లు బిగువైనది. బరువు పడినప్పుడు మెత్తని పాకాన్ని వంగనీయకుండ ఆపేది ఈ రాయే. కావున రాయి మెత్తనిదైతే పాకం ఎంత మంచిదైనా కాంక్రీటు వంగుతుంది.

ఇది మా సొంత మాట కాదు. కాంక్రీటు పనులకు ప్రమాణమైన భారతీయ ప్రమాణ సంస్థ వారి ఐ.ఎస్. 456 (2000) కూడ బిగువు ముఖ్యంగా కంకర గుణం మీద ఆధారపడుతుందని, తడపడం, వయస్సు, పాళ్లు, సిమెంటు రకం అనేవి అంతకంటె తక్కువ ప్రభావం చూపుతాయని చెబుతున్నది.

అదే ప్రమాణం లెక్కకు ఒక సూత్రం ఇచ్చింది. కాంక్రీటు బలానికి వర్గమూలం కట్టి 5000తో హెచ్చవేస్తే బిగువు అంకె వస్తుంది. బలాన్ని, బిగువును కూడ చదరపు మిల్లీమీటరుకు ఇన్ని న్యూటన్లు అని కొలుస్తారు. దాని ప్రకారం:

ఎం-20 కాంక్రీటు : 22,360
ఎం-25 కాంక్రీటు : 25,000
ఎం-30 కాంక్రీటు : 27,390
ఎం-40 కాంక్రీటు : 31,620

బలం 20 నుంచి 40కి, అనగా రెట్టింపు అయినప్పుడు, బిగువు 41 శాతమే పెరిగింది. సిమెంటు మీద డబ్బు పోసినంత మాత్రాన బిగువు అదే లెక్కన రాదని దీనివలన స్పష్టమవుతున్నది. మరొక ముఖ్య విషయం. ఈ సూత్రంలో రాయి పేరు లేదు. అందుచేత అసలు విలువ ఈ అంకెకు 20 శాతం అటు ఇటుగా ఉండవచ్చునని ప్రమాణమే హెచ్చరించింది. 1978 నాటి పాత ప్రమాణంలో 5000కు బదులు 5700 ఉండేది. ఆ పాత పట్టికలు దగ్గర పెట్టుకొని లెక్కలు వేసేవారు ఇప్పటికీ ఉంటే, వారి లెక్కలో బిగువు ఎక్కువగా కనిపిస్తుందని గుర్తించాలి.

రాయిని బట్టి ఎంత తేడా వస్తుందో ఐరోపా దేశాల ప్రమాణంలో విడమరచి చెప్పినారు. క్వార్ట్‌జైటు కంకరతో చేసిన కాంక్రీటు బిగువు 100 అనుకుంటే, బసాల్టు అనే నల్లరాయితో 120, సున్నపురాయితో 90, ఇసుకరాయితో 70గా తీసుకోమన్నారు. సిమెంటు, నీరు, పాళ్లు, బలం అన్నీ ఒకటిగా ఉన్నా రాయి మారితే వచ్చే తేడా ఇది.

70 అంటే ఏమిటో లెక్క చూద్దాము. బిగువు 100 నుంచి 70కి తగ్గితే అదే బరువుకు స్లాబు వంపు ఇంచుమించు 1.4 రెట్లవుతుంది. ఆ వంపును తిరిగి తగ్గించవలెనంటే 4 అంగుళాల స్లాబును నాలుగున్నర అంగుళాలు పోయవలసి వస్తుంది. ఎందుకంటే మందం పెరిగినకొద్దీ వంపు ఘనం లెక్కన తగ్గుతుంది. పెరిగిన స్లాబు తన సొంత బరువు కూడ తెచ్చుకొంటుంది గనుక అదికూడ పూర్తిగా చాలదు. చవక కంకరలో మిగిలిన డబ్బు ఈ అర అంగుళంలో పోతుంది.

పాల సంఘ సభ్యులకు ఈ సంగతి మరొక విధంగా చెబితే తేలికగా బోధపడుతుంది. పాల ధర కట్టేటప్పుడు కొవ్వు శాతం ఒక్కటే చూడము. కొవ్వు గాక మిగిలిన ఘనపదార్థాలను, అనగా ఎస్.ఎన్.ఎఫ్.ను కూడ చూస్తాము. సిమెంటు గ్రేడు ఒక్కటే అడిగి కంకరను అడగకపోవడం, కొవ్వు చూసి ఎస్.ఎన్.ఎఫ్. వదిలిపెట్టడం వంటిదే.

మన ప్రాంతపు రాళ్లు

కుసుమంచి, ఖమ్మం పరిసరాలలో గ్రానైటు జాతి రాయి విరివిగా ఉన్నది. ఖమ్మం గ్రానైటు పలకల పరిశ్రమకు పేరుపొందింది. ఈ రాయి కంకరకు తగినదే. అయితే క్వారీ పైపొరలో ఎండకు వానకు మాగి, గోధుమరంగు తిరిగి, చేత నలిపితే రాలే రాయి ఉంటుంది. అదీ గ్రానైటే అని అమ్మవచ్చు, కాని బిగువులో అది గ్రానైటు కాదు. లోపలి తాజా రాయినే అడగాలి.

తూర్పుగా గోదావరి లోయ వైపు, కొత్తగూడెం, మణుగూరు బొగ్గు ప్రాంతాలకు వెళితే నేల మారుతుంది. బొగ్గు పొరలతో పాటు అక్కడ ఇసుకరాయి పొరలు ఉన్నవి. ఇసుకరాళ్లన్నీ ఒకే తీరు కావు గాని, వీటిలో మెత్తనివి, నీరు పీల్చేవి ఎక్కువ. ఆ వైపు సంఘాలు దగ్గరలో దొరికిన రాయిని కొట్టించి వాడేముందు తప్పక పరీక్షించవలె. దూరం నుంచి గ్రానైటు కంకర తెప్పిస్తే రవాణా ఖర్చు పెరిగేమాట నిజమే. కనీసం స్లాబుకు, దూలాలకు, సజ్జాలకు మంచి కంకర తెప్పించుకొని, పునాది కింద వేసే బెడ్డు కాంక్రీటుకు స్థానిక రాయిని వాడుకోవచ్చు. అక్కడ వంపు ప్రశ్న లేదు.

లాటరైటు అనే ఎర్రరాయి, ఇటుక ముక్కలు స్లాబు కాంక్రీటుకు తగవు. కృష్ణ ఒడ్డున మాచర్ల, జగ్గయ్యపేట, హుజూర్‌నగర్ వైపు సిమెంటు ఫ్యాక్టరీలు వెలసినది అక్కడి సున్నపురాయి వలననే. సిమెంటు తయారీకి అది ప్రాణం. కంకరగా వాడేటప్పుడు మాత్రం గట్టిదో మెత్తదో చూచి తీసుకోవాలి. పాలు ఒలికే గది నేలకు సున్నపురాయి కంకర, సున్నపురాయి పొడి అసలే వద్దు. పులిసిన పాలలోని లాక్టిక్ ఆమ్లం సిమెంటును ఎట్లాగూ కొంత తింటుంది. సున్నపురాయిని కూడ కరిగిస్తుంది. గ్రానైటును ఏమీ చేయలేదు.

సిమెంటు పాత్ర ఏమిటి?

ఒకప్పుడు సిమెంటు కంట్రోలులో ఉండేది. పర్మిటు మీద దొరికినదే మహాప్రసాదం. 1982లో కంట్రోలు కొంత సడలించి, 1989లో పూర్తిగా ఎత్తివేసిన తరువాత ఎంపిక మన చేతికి వచ్చింది. ఇప్పుడు దుకాణంలో 43 గ్రేడు, 53 గ్రేడు సాధారణ సిమెంట్లు, బూడిద కలిసిన పి.పి.సి., స్లాగు కలిసిన పి.ఎస్.సి. దొరుకుతున్నవి.

43, 53 అనే అంకెలు ఆ సిమెంటుతో ప్రయోగశాలలో చేసిన ఘనాలు 28 రోజులకు తట్టుకొనవలసిన ఒత్తిడిని తెలుపుతాయి. అవి స్లాబు బలం కాదు, బిగువు అంతకన్నా కాదు. 53 గ్రేడు తొందరగా బలం పుంజుకొంటుంది. కాని ఎక్కువ సిమెంటు వేసి పాకం పెంచితే కాంక్రీటు ఆరేటప్పుడు ఎక్కువగా ముడుచుకొని బీటలు వారుతుంది. బరువు కింద ఏండ్ల తరబడి మెల్లమెల్లగా సాగే గుణం కూడ పాకానిదే. రాయి దానిని ఆపుతుంది.

పి.పి.సి.లో 15 నుంచి 35 శాతం వరకు థర్మల్ కేంద్రాల బూడిద ఉంటుంది. పాల్వంచలోని కొత్తగూడెం థర్మల్ కేంద్రం వంటి చోట్ల బొగ్గు కాల్చగా వచ్చేది ఈ బూడిదే. బూడిద సిమెంటు కల్తీ సిమెంటని కొందరు సభ్యులు అనుకొంటారు. అది పొరపాటు. ప్రమాణం ప్రకారం చేసిన పి.పి.సి. సంఘ భవనాలకు పనికివస్తుంది. పాల గది నేలకు మరీ మంచిది. అయితే అది మొదటి వారాలలో నిదానంగా గట్టిపడుతుంది. చివరికి వచ్చే బిగువులో పెద్ద తేడా ఉండదు, అది వచ్చే కాలంలో తేడా ఉంటుంది. కావున పి.పి.సి. వాడినచోట రెండు నియమాలు పాటించవలె: ఎక్కువ రోజులు తడపడం, ఆలస్యంగా సెంట్రింగు విప్పడం.

సెంట్రింగు విప్పడంలో తొందర కూడదు

సాధారణ సిమెంటు వాడినప్పుడు స్లాబు కింది పోట్లు తీయడానికి ప్రమాణం ఇచ్చిన కనీస గడువులు ఇవి. గది వెడల్పు నాలుగున్నర మీటర్ల లోపు అయితే 7 రోజులు, అంతకు మించితే 14 రోజులు. దూలాలకు 6 మీటర్ల లోపు 14 రోజులు, పైన 21 రోజులు. పి.పి.సి.కి ఇంకా పెంచాలి. ఎన్ని రోజులో ఇంజనీరును అడిగి నిర్ణయించుకోవాలి. తడపడం సాధారణ సిమెంటుకు కనీసం 7 రోజులు, బూడిద లేక స్లాగు కలిసినదానికి కనీసం 10 రోజులు. మన ఎండలకు ఈ రెండవది 14 రోజులు చేయడం మేలు.

లేత కాంక్రీటు మీద బరువు పడితే ఏమవుతుందో ప్రమాణంలోని అంకెలే చెబుతున్నవి. 7వ రోజున బరువెక్కిన కాంక్రీటు అప్పటికప్పుడు ఎంత లొంగుతుందో, కాలక్రమాన దానికి 2.2 రెట్లు అదనంగా సాగుతుంది. 28వ రోజున బరువెక్కితే 1.6 రెట్లు, ఏడాది తరువాత అయితే 1.1 రెట్లు. అంటే మొత్తం లొంగుబాటు మొదటిదానిలో 3.2 వంతులు, రెండవదానిలో 2.6 వంతులు. మూడు వారాల ఓపికతో ఇంత తగ్గుతున్నది. సంఘాలలో తరచు జరిగేది దీనికి విరుద్ధం. స్లాబు పోసిన పదిరోజులకే దాణా లారీ వస్తుంది, బస్తాలన్నీ కొత్త స్లాబు మీదనే పేరుస్తారు. ఇది మానవలె.

పాలలో నీళ్లు – కాంక్రీటులో నీళ్లు

నీరు ఎక్కువైనకొద్దీ కాంక్రీటు బలం తగ్గుతుందనే సూత్రాన్ని 1918లో అమెరికాలో డఫ్ ఏబ్రమ్స్ అనే ఇంజనీరు స్థిరపరచినాడు. సిమెంటు తాగగా మిగిలిన నీరు ఆవిరై పోయినచోట సూక్ష్మమైన రంధ్రాలు మిగులుతాయి. రంధ్రాలకు బలమూ లేదు, బిగువూ లేదు. కంకర ఎంత మంచిదైనా ఈ లోపాన్ని పూడ్చలేదు.

ఎం-20 కాంక్రీటును లెక్క పాళ్లతో కలిపేటప్పుడు 50 కి.గ్రా. బస్తాకు ఇసుక, కంకర కలిపి 250 కి.గ్రా. మించకూడదు, నీరు 30 లీటర్లు మించకూడదు. ఇసుక ఒక వంతు, కంకర రెండు వంతులు అనుకొంటే ఇసుక ఇంచుమించు 83 కి.గ్రా., కంకర 167 కి.గ్రా. అవుతాయి. నీటిని గొట్టంతో వదలవద్దు. పాలకు వాడని పాత 40 లీటర్ల క్యాను ఒకటి మిల్లరు దగ్గర పెట్టండి. బస్తాకు ముప్పావు క్యాను హద్దు. ఇసుక తడిగా ఉంటే ఆ తడిని కూడ ఈ లెక్కలోనే తీసివేయాలి. 80 కి.గ్రా. ఇసుకలో 5 శాతం తడి ఉంటే అందులోనే 4 లీటర్ల నీరు ఉన్నట్లు. మాలు బిరుసుగా ఉందని కూలీలు అంటే నీరు పోయవద్దు, వైబ్రేటరు తెప్పించండి.

సంఘంలోనే చేయదగిన పరీక్షలు

పెద్ద పనులకు ప్రయోగశాల పరీక్ష తప్పనిసరి. దానికి ముందు మన దగ్గరున్న పరికరాలతోనే కొంత తెలుసుకోవచ్చు.

1. రాయి నీరు పీల్చే గుణం: రెండు కిలోల కంకర కడిగి ఒక రోజంతా నీటిలో నానబెట్టండి. తీసి బట్టతో పైతడి తుడిచి ఎలక్ట్రానిక్ త్రాసులో తూచండి. తరువాత పెనం మీద బాగా ఆరే వరకు వేడిచేసి, చల్లార్చి మళ్లీ తూచండి. తేడాను ఎండు బరువుతో భాగించి నూరుతో హెచ్చవేస్తే శాతం వస్తుంది. మంచి గ్రానైటు సాధారణంగా 1 శాతం లోపే పీలుస్తుంది. అంతకు రెండు మూడింతలు పీల్చేది లోపల గుల్లగా ఉన్నట్లు. గుల్ల రాయికి బిగువు తక్కువ.

2. సుత్తి పరీక్ష: గట్టి రాయి ఖణీమని మోగుతుంది, పదునైన అంచులతో పగులుతుంది. మెత్తనిది దబ్బుమని పొడి రాలుతుంది.

3. ఆకారం: పలకల వంటి, సూదుల వంటి ముక్కలు ఎక్కువగా ఉంటే కాంక్రీటు సరిగా కూరుకొనదు, మేస్త్రీ నీరు పెంచుతాడు. నలుపక్కల సమంగా ఉండే 20 మి.మీ. కంకరలో కొంత 12 మి.మీ. కలిస్తే సందులు పూడి పాకం తక్కువ పడుతుంది.

4. ఇసుకలో ఒండ్రు: గీతలున్న గాజు జాడీలో ఒక శాతం ఉప్పునీరు 50 మి.లీ. పోసి, ఇసుకను 100 గీత వరకు వేసి, మళ్లీ ఉప్పునీరు 150 గీత వరకు పోయండి. బాగా కుదిపి మూడు గంటలు కదపకుండ ఉంచండి. ఇసుక పైన పేరిన మెత్తని పొర, ఇసుక ఎత్తులో 8 శాతం మించితే ఆ ఇసుకను కడగనిదే వాడరాదు. మున్నేరు ఇసుకైనా, పాలేరు ఇసుకైనా, గోదావరి ఇసుకైనా, క్రషరు ఇసుకైనా ఈ పరీక్ష ఒకటే.

తీర్మానంలో చేర్చవలసినవి

కట్టడం పని అప్పగించే ముందు పాలకవర్గం వారు ఈ క్రింది అంశాలను తీర్మానంలోను, కాంట్రాక్టరుతో వ్రాసుకొనే ఒడంబడికలోను చేర్చవలసిందిగా కోరుతున్నాము.

(1) కాంక్రీటు ఏ రకం – ఎం-20 లేక ఎం-25 – అనేది, స్లాబు మందం, ఇనుము వివరం ఇంజనీరు సంతకంతో ఉండాలి.
(2) కంకర ఏ రాయి, ఏ క్వారీ అనేది వ్రాయాలి. ఇంజనీరు ఒప్పుకోనిదే మధ్యలో మార్చరాదు. నమూనా ఒక సంచిలో కట్టి, సంతకాలతో సంఘంలో భద్రపరచాలి.
(3) సిమెంటు రకం, తయారైన వారం వ్రాసుకొని, మూడు నెలలు దాటిన బస్తాలను పరీక్ష లేనిదే వాడరాదు.
(4) నీరు కొలతతోనే పోయాలి. స్లాబు పోసేనాడు ఇద్దరు పాలకవర్గ సభ్యులు మిల్లరు దగ్గర ఉండాలి.
(5) కాంక్రీటు ఘనాలు తీసి 28వ రోజు పరీక్షకు పంపాలి. ఆ నివేదిక వచ్చిన తరువాతనే చివరి బిల్లు చెల్లించాలి.
(6) పోసిన తేదీ, తడిపిన రోజులు, పోట్లు తీసిన తేదీ రిజిస్టరులో వ్రాయాలి. 28 రోజులు నిండనిదే దాణా బస్తాలు గాని, ట్యాంకు గాని స్లాబు మీద ఎక్కించరాదు.
(7) ట్యాంకు నిలిపిన తరువాత మట్టం చూసి తేదీతో వ్రాసి పెట్టాలి. ఆరు నెలలకు ఒకసారి తిరిగి చూడాలి. తేడా వస్తే ట్యాంకు కాళ్లను సరిచేయించి, కొలబద్ద లెక్కను తిరిగి పరీక్షించుకోవాలి.

వీటిలో చాలా వాటికి అదనపు ఖర్చు లేదు. తరువాతి తనిఖీలో కట్టడపు రికార్డు చూసేటప్పుడు సిమెంటు బిల్లులతో పాటు కంకర వివరము, పోట్లు తీసిన తేదీలు కూడ చూపించవలసిందిగా అధ్యక్షులకు, కార్యదర్శులకు ముందుగానే తెలియజేస్తున్నాము.